ఇందుమతికి నచ్చని పేజీ

ఇందుమతికి ఏదైనా నవల నచ్చలేదంటే ఆ సంగతి నోటికంటే ముందు ముక్కు చెప్పేసేది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది, ముక్కుపుటాలు సన్నగా ముడుచుకునేవి. అది చూడగానే జోగారావు మాస్టారు కుర్చీ ముందుకు లాక్కుని, "ఇంక కానీయమ్మా, ఉతికి ఆరెయ్యి" అనేవారు.

పెదవాల్తేరులో మాస్టారి డాబా మీద ఒక గది ఉంది. నెలకో ఆదివారం సాయంత్రం అక్కడ కొందరు పాఠకులు చేరేవారు. వాళ్ళు చదివేవి రెండే రకాలు. మంత్రాలూ రాజ్యాలూ ఉన్న నవలలు, రోదసి నౌకలూ మరమనుషులూ ఉన్న నవలలు. మాస్టారు హైస్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. లేని దేశాల పటాలు వేసిన పుస్తకమంటే ఆయనకు ప్రాణం. పళ్ళ డాక్టరు షకీలా క్లినిక్ నుంచి నేరుగా వచ్చేది. లవంగనూనె వాసన ఆమెతోపాటే మెట్లెక్కేది. ఇందుమతి ఒక బీమా ఆఫీసులో పనిచేసేది. మిగతావాళ్ళు వస్తూ పోతూ ఉండేవారు. ఈ ముగ్గురూ మాత్రం మానేవారు కాదు.

ఆ ఆదివారం 'గాజు పురుగులు' అనే కొత్త నవల మీద మాటలు నడిచాయి.

"నాకైతే నచ్చీసింది. ఆ పటం చూసారా? నదులన్నీ పల్లానికే పోతన్నాయి. చాలామంది రచయితలకి ఆపాటి కూడా తెలీదు" అన్నారు మాస్టారు.

"ఆ కమ్మరి పిల్ల నాకు నచ్చింది" అంది షకీలా. "యుద్ధంలోకి దూకేముందు పళ్ళు బిగబట్టడం ఉంది చూడండి, అది బాగా రాశాడు."

అందరూ ఇందుమతి వైపు చూశారు.

"నాలుగు ఊళ్ళు తగలబెట్టాడు మాస్టారూ. ఒక్కచోటైనా కాలిన ఊరి వాసన రాశాడా? మర్నాడు ఆ బూడిదలో ఎవరైనా ఏమైనా వెతుక్కున్నారా? ఊరు తగలబడుతుంటే ఈయన ఆకాశం రంగు వర్ణిస్తున్నాడు. నాకు అసహ్యం వేసింది యుద్ధం చూసి కాదు, రాసినాయన తీరిక చూసి."

ఇందుమతి భర్త చక్రధర్ ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. అతను పుస్తకాలు చదవడు. ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో మెదడు మీద పనిచేస్తాడు. పక్షవాతంతో మాట పోయిన రోగులకు ఎక్కడ నొప్పిగా ఉందో, ఏది భయంగా ఉందో పక్కవాళ్ళకు తెలియజేసే పరికరం కోసం చాలా ఏళ్ళుగా తంటాలు పడుతున్నాడు.

ఇంటికి వెళ్తూ కారులో అడిగాడు. "నువ్వు అంతసేపు చెప్పావే, అందులో వాళ్ళకు ఎంత చేరిందంటావు?"

"చేరినంత చేరుతుంది."

"మొత్తం చేరితే?"

ఆ మాటతోనే మొదలైంది.

* * *

రోగుల కోసం చేసిన ఆ పరికరమే ఇది, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నుదుటికి కట్టుకునే మెత్తటి పట్టీ. చెవుల వెనక పూయడానికి చల్లటి జిగురు. ఆ జిగురుకు పులిసిన గంజి వాసన. ఒకరు పట్టీ కట్టుకుని నవల చదివితే చదువుతున్నంతసేపూ వాళ్ళకు కలిగిన ఉల్లాసం, విసుగు, వణుకు అన్నీ అందులో నిలిచిపోతాయి. తర్వాత ఇంకొకరు అదే పట్టీ కట్టుకుని అవే పేజీలు తిప్పితే మొదటివారికి కలిగినదే వీళ్ళకూ కలుగుతుంది. చక్రధర్ దానికి 'చవి' అని పేరు పెట్టాడు.

మొదటి చవి మాస్టారిది. సముద్రం కింద మేలుకున్న ఒక నగరం గురించిన నవల ఆయన చదివారు. ఆ చవి ఇందుమతి పెట్టుకుంది. ఆ నవలను ఆమె అప్పటికే చదివి తిట్టిపోసింది. ఇప్పుడు మాత్రం రెండు పేజీలు తిరగకముందే అరికాళ్ళలో చక్కిలిగింత మొదలైంది. కొత్త ఊరికి బయల్దేరిన చిన్నపిల్లాడి సంబరం. అరవై దాటిన మనిషిలో అది ఇంకా అంత పచ్చిగా ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "మాస్టారూ, ఇన్నాళ్ళూ నేను పోట్లాడింది దీనితోనా?" అంది.

"మరేటనుకున్నావు" అన్నారు ఆయన సిగ్గుపడుతూ.

ఒక పుస్తకాల కంపెనీ ఈ కబురు విని పరుగెత్తుకొచ్చింది. ప్రతి నవలతోపాటు ఒక మంచి పాఠకుడి చవి కూడా అమ్ముతామంది. ఎవరి చవి బాగుంటుందో చూడటానికి చాలామంది చేత చదివించారు. ఎక్కువమందివి పలచగా ఉన్నాయి. సగం పేజీలకు వాళ్ళ మనసు కరెంటు బిల్లు మీదికో, పిల్లల పరీక్షల మీదికో పోయింది. ఇందుమతి చవి మాత్రం ముదురు కషాయంలా ఉంది. ఆమె ఏవగించుకున్న చోట పెట్టుకున్నవాళ్ళకు నోరు చేదెక్కి డోకు వచ్చింది. కంపెనీవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, "ఇదే కావాలి" అన్నారు.

ఇందుమతి ఒప్పుకుంది. చదవడం ఆమెకు ఎలాగూ ఇష్టమే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, వరండాలో పేము కుర్చీలో కూర్చుని పట్టీ కట్టుకునేది. ఆ జిగురు ఒక్కటే గిట్టేది కాదు. ఎన్నిసార్లు కడుక్కున్నా చెవుల వెనక పాకుడులా అంటుకునే ఉండేది.

* * *

తర్వాతి సమావేశానికి షకీలా 'వెన్నెల పొలం' అనే నవలతో వచ్చింది. చందమామ మీద మొదటిసారి వరి పండించిన దంపతుల కథ అది. అమ్మకానికి ముందే చక్రధర్ వాళ్ళకిచ్చిన ఇందుమతి చవితో దాన్ని చదివానని చెప్పింది.

"చాలా బాగుందక్కా. ఆ మొలక పైకి తేలిన చోట నీకు ఊపిరాగిపోయింది కదా, నాకూ ఆగిపోయింది. కానీ ఒక్కటి అర్థం కాలేదు. వాళ్ళిద్దరూ నారు చుట్టూ కూర్చుని పాట పాడుకునే పేజీ ఉందే, అక్కడ నీకేం నచ్చలేదు? కుళ్ళిన చేప తొక్కినట్టయింది నాకు. పుస్తకం అవతల పెట్టేశాను."

"నాకూ అలాగే అయిందమ్మా" అన్నారు మాస్టారు. "అంత మంచి పేజీలో తప్పేటున్నదో అని రెండుసార్లు చదివేను."

ఇందుమతి మంచినీళ్ళ గ్లాసు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

చక్రధర్ ఆ రోజు లోపలికి వచ్చి కూర్చున్నాడు. పరికరంలో లోపమేమో అనుకున్నాడు. మర్నాడు ల్యాబులో జిగురు పూసుకుని, పట్టీ బిగించి, పనికోసం తప్ప నవల ముట్టని ఆ మనిషి 'వెన్నెల పొలం' మొదటినుంచి చదివాడు. దంపతులు పాడుకునే పేజీ వచ్చింది. ముందు గుండెలో వెచ్చగా ఉంది. ఉన్నట్టుండి వెన్ను బిగిసింది, దూరంగా ఏదో చప్పుడు విని ఒళ్ళు దాక్కోజూసినట్టు. తర్వాత ఎడమ భుజం మీద, సరిగ్గా అరచేయి పట్టేంత చోట, చర్మం ముడుచుకుపోయింది. గొంతులోకి పైత్యం ఎగదన్నింది. ఆ ఎడమ భుజాన్ని గోళ్ళతో గీకి పారేయాలనిపించింది.

చటుక్కున పట్టీ లాగేశాడు. ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఆమె వరండాలో చదువుకుంటోంది. తను కాఫీ తెచ్చి, ఎడమ భుజం మీద చెయ్యి వేసి, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు. ఆమె తలెత్తి నవ్వి కప్పు అందుకుంది.

ఆ పేజీలో ఆమెకు నచ్చనిది తన చెయ్యి.

ఆ సంగతి మాస్టారికి తెలియదు, షకీలాకు తెలియదు. కానీ వాళ్ళిద్దరి గొంతుల్లోకీ ఆ పైత్యం వచ్చింది. కంపెనీ అమ్మితే ఊళ్ళో వాళ్ళందరి గొంతుల్లోకీ వస్తుంది.

ఇంటికి వెళ్ళి, వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఇందుమతిని సూటిగా అడిగాడు. "నేనంటే నీకు అంత రోతా?"

ఆమె చేతులు ఆగాయి. అబద్ధం చెప్పడానికి ఇంక చోటు లేదని తెలుసు.

"అమ్మ కర్మలు అయిన మర్నాడు భోజనం దగ్గర మీరేమన్నారో గుర్తుందా?" అంది.

అతనికి గుర్తులేదు.

ఇందుమతి తల్లి సత్యవతమ్మ మాట పోయి వాళ్ళ హాల్లోనే మంచాన పడి ఉండేది. చక్రధర్ ఆవిడ తలకు తన పట్టీ కట్టేవాడు. ఎక్కడ నొప్పి ఉందో తెలుసుకోవడానికేనని చెప్పాడు. మొదట్లో అది నిజమే. వీపున పుళ్ళు పడినప్పుడు పట్టీ వల్లే తెలిసింది. చివరి రోజుల్లో జ్వరం ముదిరి, ఊపిరి అందక, ఆవిడ కళ్ళు గుండ్రంగా తిప్పుతూ పట్టీని వేళ్ళతో లాక్కోబోయింది. అతను ఆ వేళ్ళను మెల్లగా విడదీసి పట్టీని ఉంచేశాడు. ఆవిడ పోయేదాకా ఉంచాడు.

"'మీ అమ్మ భయం పట్టీలోకి ఎంత శుభ్రంగా వచ్చిందో తెలుసా ఇందూ, ఒక్క మరక లేదు' అన్నారు. ఆ మాట అంటూనే పప్పులో నెయ్యి వేసుకుని కలుపుకున్నారు. చివర్లో వేళ్ళు నాక్కున్నారు." ఆమె గొంతు పెరగలేదు. "ఆ భయం మీరు పెట్టుకుని చూశారు కదా. పెట్టుకుని, తీసేసి, ఇంటికొచ్చి అన్నం తిన్నారు. అప్పటినుంచి మీ చెయ్యి దగ్గరకొస్తే నాకు అంతే. నేనేం చెయ్యను?"

"అది పని ఇందూ. దాని మీద ఎంతమంది రోగులు..."

"కావచ్చు. ఒప్పుకున్న నవలలు పూర్తి చేస్తాను. ఆ తర్వాత నా దారి నేను చూసుకుంటాను."

ఆ పూట అన్నం ముందు కూర్చున్న చక్రధర్ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. తన వేళ్ళను చూస్తే తనకే వికారం పుట్టింది. పట్టీ తీసేశాడు గానీ భార్య ఏవగింపు అతనిలోనే ఉండిపోయింది. లేచి చెంచా తెచ్చుకున్నాడు.

* * *

తర్వాతి వారాల్లో ఇంట్లో గాలి మారింది. ఇందుమతికే ఆశ్చర్యంగా ఉండేది. సాయంత్రాలు పట్టీ కట్టుకుని చదువుతుంటే మనసు తేలిగ్గా అయ్యేది. ఆఫీసులో చికాకులు పట్టేవి కావు. చక్రధర్ కారు చప్పుడు వింటే వెన్ను బిగిసేది కాదు. ఒకరోజు అతనికి ఇష్టమని పెసరట్లు వేసింది. ఇంకోరోజు అతని మాటకు గట్టిగా నవ్వింది. వేరే ఇల్లు చూడమని షకీలాతో చెప్పిన సంగతి తనే మర్చిపోయింది. చెవుల వెనక జిగురు కడుక్కోవడం కూడా మానేసింది.

ఆ నెల సమావేశానికి 'ఉప్పు రాణి' ఎంచుకున్నారు. అందులో ఒక రాజు చచ్చిపోయిన రాణిని ఉప్పునీళ్ళ తొట్టిలో మళ్ళీ పెంచుతాడు. పైకి లేచిన రాణి అతన్ని కాదంటుంది. ఆమెను పారేసి ఇంకొక రాణిని పెంచుతాడు. ఆమె కూడా కాదంటుంది. తొట్టి వెనక గోతిలో రాణులు పేరుకుపోతారు. చివరికొకతె అవునంటుంది. వాళ్ళ పెళ్ళితో నవల అయిపోతుంది.

"నేను సగంలో మూసీసేను" అన్నారు మాస్టారు. "పటం బాగుంది గానీ ఆ గొయ్యి చూసేక ఇంక అన్నం సయించలేదు."

"దాన్ని ప్రేమకథ అని అట్ట మీద వేశారు చూడండి" అంది షకీలా. "అక్కా, నువ్వు చెప్పు. దీన్ని నువ్వు ఎలా ఉతుకుతావా అని దారంతా అనుకుంటూ వచ్చాను."

ఇందుమతి ముక్కు ముడుచుకోలేదు. మెత్తగా నవ్వింది.

"బాగుంది. ఆ రాజు ఓపిక నాకు నచ్చింది. అంత ప్రేమించేవాడు దొరకడం అదృష్టం కదా."

షకీలా మాస్టారి వైపు చూసింది.

"ఏటమ్మా, నువ్వేనా మాటాడతన్నావు?" అన్నారు మాస్టారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఏం మాస్టారూ, ఒక పుస్తకం నాకు నచ్చకూడదా?"

షకీలా లేచి వచ్చి, రోగి నోరు చూసినట్టు, ఇందుమతి గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పింది. "నేను రోజూ దవడలకు మత్తిస్తానక్కా. మత్తులో ఉన్నవాళ్ళు బుగ్గ కొరుక్కుని రక్తం కారుతున్నా నవ్వుతూ మాట్లాడతారు. నీ మొహం అలా ఉంది. నీ పట్టీ ఏది?"

పట్టీ సంచిలోనే ఉంది. షకీలా దాన్ని కట్టుకుని, బల్ల మీదున్న వార్తాపత్రిక తెరిచింది. బస్సు లోయలో పడిన వార్త చదివింది. ఆమె పెదవుల మీదికి చిరునవ్వు వచ్చింది. కళ్ళు మాత్రం బెదిరిపోయాయి. పట్టీ పీకి నేలకేసి కొట్టి, బాత్రూంలోకి పరుగెత్తి చాలాసేపు నోరు కడుక్కుంది.

బయటికి వచ్చి చెప్పింది. "ఇది నీ దగ్గర్నుంచి ఏమీ తీసుకోవడం లేదక్కా. నీలోకి పోస్తోంది."

ఇందుమతి కింద పడిన పట్టీని చూసింది. కోపం రావాలని ఆమెకు తెలుసు. రాలేదు. అప్పుడు మొదటిసారి భయమేసింది.

* * *

ల్యాబుకు వెళ్ళేసరికి చక్రధర్ ఇడ్లీలు తింటున్నాడు. చెంచాతో తింటున్నాడు. ఆ చెంచా పిడికి కూడా రుమాలు చుట్టి ఉంది.

ఆమె పట్టీని బల్ల మీద పెట్టింది. అతను దాచలేదు.

"నీ చవుల్లోంచి రోత పుట్టిన చోట్లన్నీ కత్తిరించాను. మిగిలిన మంచినే నీకు తిరిగి పెట్టాను. పరాయిది ఒక్క ముక్క కలపలేదు ఇందూ. అంతా నీదే. రోజూ పెడుతూ ఉంటే మెదడులో రోత నడిచే పాత గాడి పూడిపోతుంది." అతని గొంతు బతిమాలుతోంది. "నువ్వు ఈమధ్య సంతోషంగా లేవా? నిజం చెప్పు."

"ఉన్నాను."

"మరి?"

"అది నన్ను అడిగి చేశారా?"

అతను చేతులు చాపి చూపించాడు. కడిగి కడిగి వేళ్ళ సందులు ఎర్రగా పుండయ్యాయి. "నీది నాకు అంటుకుంది. నాలోంచి తీయడానికి ఎంత ప్రయత్నించినా పోలేదు. ఆ గాడి నాలో పుట్టింది కాదు కదా, పూడ్చడం నాకు కుదరడం లేదు. నా చేత్తో నేను అన్నం తినలేకపోతున్నాను. నీలో అయినా పోతే చాలనుకున్నాను."

జాలి పడాలో, చీదరించుకోవాలో ఇందుమతికి తెలియలేదు. రెండూ ఉండాల్సిన చోట నీళ్ళతో కడిగిన పళ్ళెంలా నున్నగా ఉంది.

"కత్తిరించనివి నా దగ్గరే ఉన్నాయి" అన్నాడు అతను. సొరుగు తెరిచి ఇంకో పట్టీ తీశాడు. "పెట్టుకుంటే నీ అసహ్యం నీకు వచ్చేస్తుంది. ఇప్పుడే పెడతాను, కావాలంటే."

ఆమె దాన్ని చూసింది. చెయ్యి కొంచెం ముందుకు వెళ్ళింది కూడా. తనదే, తనకే కావాలి. కానీ అతను అప్పుడే జిగురు డబ్బా మూత తిప్పుతున్నాడు.

"వద్దు" అంది. "మిమ్మల్ని అసహ్యించుకోవడం కూడా మీ చేతిమీదుగా వద్దు."

ఆ రోజే ఇందుమతి షకీలా ఇంటి పై వాటాలోకి మారిపోయింది.

* * *

కత్తిరించిన చవులతో నవలలు బజారులోకి వచ్చాయి. ఆపమని ఇందుమతి కంపెనీకి రాసింది. సంతకం చేశారు కదా అని వాళ్ళు జవాబిచ్చారు. డాబా మీద గదికి వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చిన కొత్తవాళ్ళు ఏ పుస్తకం గురించి అడిగినా "హాయిగా ఉంది" అని చిరునవ్వు నవ్వేవారు. 'ఉప్పు రాణి' హాయిగా ఉంది. 'గాజు పురుగులు' హాయిగా ఉంది. ఆ చిరునవ్వు ఎవరిదో ఇందుమతికి తెలుసు. తన చిరునవ్వు ఊరి మొహాల మీద తిరుగుతుంటే చూస్తూ కూర్చునేది. ఒళ్ళు జలదరించాల్సిన చోట ఏమీ అనిపించేది కాదు. పిల్లల్ని హింసించే మాంత్రికుల నవల ఒకటి, రోత తిరిగొస్తుందేమోనని షకీలా కావాలనే చదివించింది. ఇందుమతి చివరిదాకా చదివి, మూసి, "తప్పని తెలుస్తోంది. తగలడం లేదు" అని ఏడ్చింది.

అయినా చదవడం మానలేదు. పట్టీ లేకుండా, ఉత్త కళ్ళతో చదివింది.

వానలు పట్టిన ఒక ఆదివారం మాస్టారు తనకు బాగా నచ్చిన కొత్త నవల తెచ్చారు. ఒక రోదసి నౌక దారి తప్పుతుంది. తిండి అయిపోతుంది. నౌకలోని ముసలివాళ్ళంతా పిల్లల కోసం తమను వండుకోమని ముందుకొస్తారు. వరసగా నిలబడి, పాటలు పాడుతూ, ఒకరి తర్వాత ఒకరు నవ్వుతూ వంటశాలలోకి వెళ్తారు.

"ఏడ్చీసేను" అన్నారు మాస్టారు. "ఎంత బాగా రాసేడమ్మా. ఒక్కరైనా వెనక్కి చూడలేదు." ఆ పేజీ గట్టిగా చదివి వినిపించారు. చక్కటి వచనం. మాటకు మాట అందంగా అమరింది.

ఆయన సగంలో ఉండగా ఇందుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచింది. వానలోనే డాబా మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి వంగింది. పొద్దుటి ఉప్మా అంతా బయటికి వచ్చింది. షకీలా వెనకాలే పరుగెత్తి వీపు రాసింది. మాస్టారు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు.

ఆమె మొహం కడుక్కుని, తడి చీర పిండుకుంటూ లోపలికి వచ్చింది. ముక్కుపుటాలు మళ్ళీ ముడుచుకున్నాయి.

"ఎంత నీచంగా రాశాడు మాస్టారూ!"

"నీచమేటి? పిల్లల కోసం పానాలిచ్చీడం నీచమా?" మాస్టారికి కోపం వచ్చింది. "నేనైతే ఒప్పుకుంటాను. నవ్వుతూ పోతాను."

"మీరు ఒప్పుకుంటారు. నాకు తెలుసు. కానీ అంతమందిలో ఒక్క ముసలాడికైనా మోకాళ్ళు వణకలేదా? ఒక్క ముసల్ది గుమ్మం పట్టుకుని వెనక్కి లాగలేదా? వాళ్ళను చంపితే చంపాడు, వండితే వండాడు. వాళ్ళు నవ్వారని రాసే హక్కు వాడికెవడిచ్చాడు?"

"అదేటమ్మా, నవ్వితే నీకేటి నొప్పి?" అని మాస్టారు బల్ల మీద గుద్దారు.

"చెప్తాను. ఆ పేజీ ఇలా ఇవ్వండి" అని ఇందుమతి కుర్చీ ముందుకు లాక్కుంది.